డోరీన్ అడిగిన సీటు

రెజైనాలో మా పేట నివాసుల సంఘం గురించి నేనేం చెప్పినా అక్షరాలా నిజమే. వెతికినా కల్పన ఆవగింజంత దొరకదు.

కెనడా మూలవాసులకు కమిటీలో ఒక సీటు ప్రత్యేకించాలా అని ఆ రోజు చర్చ. అడగడానికి వచ్చిన డోరీన్ క్రీ తెగ మనిషి. ఆమె ఎదురుగానే ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారు చిరునవ్వు చెదరకుండా తెలుగు అందుకున్నారు.

“ఇచ్చేద్దామయ్యా ఎలియాజరూ. మా ఊళ్ళో సర్పంచి సీటు రిజర్వు చేస్తే నాన్నగారు మా పాలేరునే నిలబెట్టారు. సంతకం వాడిది, పెత్తనం మాది.”

“ఈవిడ అలా ఊరుకునే మనిషి కాదండీ,” అన్నాడు ఎలియాజరు. ఆమెకు ఆ సీటు దక్కాలని మొదట్నుంచీ పట్టుబట్టింది అతనే.

“కూర్చోబెడితే అందరూ మెత్తబడతారోయ్. మీ చర్చివాళ్ళకూ ఒక సీటుండాలనేగా నిన్ను కమిటీలోకి తీసుకుంది? మూడేళ్ళయింది, ఒక్కసారైనా నా మాటకు అడ్డొచ్చావా?”

తలూపబోయిన ఎలియాజరు ఆగిపోయాడు. తన సలహాలు నచ్చి పిలిచారని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

“ఏమంటున్నారాయన?” అని ఇంగ్లీషులో అడిగింది డోరీన్.

ఎలియాజరు ఆ మాటలన్నీ పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పేసి, తన కుర్చీ ఆమె వైపు జరిపి, బయటికి నడిచాడు.

ఈ చివరి ముక్క మాత్రం నేనే అల్లాను, ఏమనుకోకండి. నిజానికి అతను, “మీరు రావడం చాలా సంతోషం అంటున్నారు,” అన్నాడు.

డోరీన్ అతని రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పింది.