కిటికీ ఎవరికి కావాలి?

గాలికి అచ్చు కాగితాల ఫారాలన్నీ మళ్లీ ఎగిరిపోయాయి.

"ఆ కిటికీ కాస్త మూసి పుణ్యం కట్టుకోకూడదూ" అన్నాడు కటింగ్ మిషన్ ఆయన.

కిటికీ పక్కన పుస్తకాలు కుట్టే పెద్దావిడ తల ఎత్తలేదు. కొత్తగా చేరింది. ఒంటి మీద స్వెట్టరు, పక్కన బార్లా తెరిచిన కిటికీ. బైండింగ్ షాపులో అందరికీ అదో వేడుక.

"ఎవరి పిచ్చి వాళ్లకానందం" అన్నారెవరో.

ఎదురు బల్ల దగ్గర ఫారాలు మడిచే అమ్మాయి కూడా నవ్వింది. నవ్విందే గాని, ఆ గాలి తగిలాకే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆమెకు ఎండోమెట్రియోసిస్, గర్భసంచి లోపలి పొర బయట పెరిగే జబ్బు. నెలసరికి ముందు ఒళ్లు కాస్త వేడెక్కడం ఆడవాళ్లకు మామూలే. ఆమెకు మాత్రం కుంపటి పక్కన కూర్చున్నట్టుండేది. నెలసరి రాగానే ఆ వేడి దిగిపోయి, పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, దాంతోపాటు వణుకు. డాక్టరు చెప్పిందని రోజూ మంచం దిగకముందే నోట్లో థర్మామీటరు పెట్టుకునేది. ఆ ఒంటిగదిలో పొద్దున్నే ఆమెను పలకరించేది అదొక్కటే.

ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పినందుకే పాత ఉద్యోగం పోయింది.

విచిత్రమేమిటంటే, ఆమెకు వణుకొచ్చే రోజుల్లో పెద్దావిడ కిటికీ మూసేసేది.

'ఈవిడ తిక్క నాకు కలిసొచ్చింది' అనుకునేది అమ్మాయి.

ఓ రోజు ఫారాలు ఎగిరి బంక గిన్నెలో పడ్డాయి. మేస్త్రి మండిపడుతూ వచ్చాడు.

"అసలీ కిటికీ ఎవరికి కావాలి? ఇప్పుడే తేలాలి."

అమ్మాయి చెంపలు కాలిపోతున్నాయి. నోరు తెరిస్తే ఈ పనీ పోతుంది. తల వంచుకుని మడతలు పెడుతూనే ఉంది.

పెద్దావిడ ఆమె వైపు ఒక్కసారి చూసింది.

"నాకే బాబూ. నాకే ఉక్క."

"అయితే రేపట్నుంచి ఇంట్లో కూర్చుని విసురుకోండి."

ఆవిడ స్వెట్టరు గుండీలు పెట్టుకుని వెళ్లిపోయింది. ఎక్కడుంటుందో ఎవరూ అడగలేదు.

కిటికీకి మేకులు కొట్టేశారు.

మరుసటి నెల ఒళ్లు కాగిపోతుంటే అమ్మాయి ఆ మేకుల వైపే చూస్తూ కూర్చుంది. సిగ్గేసింది. ఏడుపొచ్చింది.

"పాపం, ఆ పెద్దమ్మకి ఉక్క ఎక్కువ. నేనైనా ఓ మాట సాయం చెయ్యాల్సింది" అంది, పక్కన బంక రాసే అక్కతో.

"ఆవిడకి ఉక్కేంటి? నడి ఎండలో కూడా చలే" అంది అక్క. "నీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టేయించుకుంది. ఇంకెందుకులే దాయడం. 'ఆ పిల్లని చూస్తేనే తెలుస్తోంది, వయసులో నేనూ ఇదే జబ్బు పడ్డాను, నోరు విప్పి అడగదు, మొహం చూసి మనమే కిటికీ తియ్యాలి' అంటూ వణుక్కుంటూనే తీసేది."