నాలుగు వేళ్ల ప్లేటు

రాత్రి డ్యూటీలో, దవాఖాన ల్యాబులో వినోద ఒక్కతే ఉంది. పత్తి మిషన్‌లో చిటికెన వేలు పోగొట్టుకున్న రాజమల్లు తాత గాయం చీమును గంట కిందే బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద గీసి, ఇంక్యుబేటర్ వెచ్చదనంలో పెట్టింది. పక్కనే, తేడా తెలియడానికి, ఏమీ గీయని ఖాళీ ప్లేటొకటి పెట్టింది. బ్యాక్టీరియా మొలవాలంటే తెల్లారాల్సిందే.

ఇంక్యుబేటర్ లోపల ఎవరో వేలితో కొట్టినట్టు టక్కుమంది. భయంభయంగా తలుపు తీసింది. తాత ప్లేటు శుభ్రంగా ఉంది. మూతకు వేసిన టేపు చించని ఖాళీ ప్లేటు మీద మాత్రం నాలుగు వేలిముద్రలు పచ్చగా మొలిచి ఉన్నాయి. చిటికెన వేలి చోటు ఖాళీ.

వార్డుకు ఫోన్ చేసింది. "మహెక్, తాత ఎట్లున్నడు?"

"పోయి గంటాయె అక్కా." నర్సు గొంతు తగ్గించింది. "ఒళ్లంత సల్లబడ్డది. ఆ చెయ్యొక్కటే ఇంక వెచ్చగనే ఉన్నది."