ఆగిన వాక్యం

“గుండె ఆగి వాక్యం ఆగిందా బాబాయ్, నాన్నే ఆపేశాడా?”

కూతురు కార్డును బల్ల మీద పెట్టింది. సంపాదకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కన ఖాళీ కుర్చీ. మొన్నమొన్నటి దాకా అందులో కూర్చుని నిఘంటువు కోసం ఇంగ్లిషు మాటలకు అర్థాలు రాసినవాడు ఆమె తండ్రి. నాలుగు రోజుల క్రితం ఆ బల్ల మీదే ఒరిగిపోయాడు.

మాటకో కార్డు. అదీ ఆ ఆఫీసు పద్ధతి. ఈ కార్డు మీద మాత్రం కూతురికి ఉత్తరం.

‘పిచ్చుకా, నువ్వు ఇల్లొదిలి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో ఒక్కరోజు కూడా నేను నిన్ను’

అంతే. ఆఖరి అక్షరం కార్డు అంచును తాకుతోంది.

“కళ్లు మూస్తే చాలు, ఆ ‘నిన్ను’ దగ్గరే తెల్లారిపోతోంది బాబాయ్. తిట్టుకున్నాడో, తలుచుకున్నాడో నువ్వే చెప్పు.”

సంపాదకుడు కళ్లజోడు పెట్టుకుని కార్డును దగ్గరికి లాక్కున్నాడు. ఆధారం లేకుండా ఏ మాటకూ అర్థం రాయకూడదని ముప్ఫై ఏళ్లుగా అందరి ప్రాణాలూ తీసిన మనిషి.

“ఆ రోజు మీ నాన్నను మొదట చూసింది నేనేనమ్మా. కలానికి మూత పెట్టే ఉంది. కావాలనే ఆపాడు.”

“వాక్యం మధ్యలోనా?”

“దానికీ ఓ మాటుంది. అపోసయొపీసిస్.”

“జబ్బు పేరులా ఉందే!”

“మనసు పొంగి, చెప్పబోయింది చెప్పలేక ఆగిపోవడం. నాటకాల్లో రాజు ‘నిన్నేం చేస్తానంటే...’ అని పళ్లు కొరుకుతాడు. కథల్లో తల్లి ‘నువ్వే లేకపోతే నేను...’ అని బిడ్డను హత్తుకుంటుంది. మిగతాది వినేవాళ్లకు వదిలేస్తారు.”

“మరి నాన్నది? రాజు కోపమా, తల్లి ప్రేమా?”

ఆయన కార్డును తిరిగి ఆమె వైపు జరిపాడు.

“కోపమొస్తే మీ నాన్న ఏనాడైనా మాటలకు తడుముకున్నాడా?”

కూతురు ఫక్కున నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు తన్నుకొచ్చింది. నాలుగు రోజుల్లో అదే మొదటి ఏడుపు.

“‘మరిచిపోలేదు’ అనే కదా రాయబోయాడు?”

“ఇంకేముంటుంది తల్లీ!”

కార్డును భద్రంగా సంచిలో పెట్టుకుని ఆమె వెళ్లిపోయింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు పూర్తిగా ఆగాక సంపాదకుడు సొరుగు తాళం తీసి, ఆమె తండ్రి చేతిరాతలోనే ‘క్షమించలేదు’ అన్న ఒక్క మాటే ఉన్న రెండో కార్డును నాలుగు ముక్కలు చేశాడు.