ఖాళీ చేతులతో ఖల్ఫ

తందూరులో రొట్టెలు వేస్తున్న సానోబర్, గుమ్మంలో బికాజాన్ ఖల్ఫను చూసి కొయ్యబారిపోయింది. ముసలామె దగ్గర అకార్డియన్ పెట్టె లేదు.

యాభై ఏళ్లుగా ఖీవా చుట్టుపక్కల ఏ పెళ్లయినా ఆడవాళ్ల మధ్య కూర్చుని ఆ పెట్టె వాయిస్తూ పాడేది ఈ పాటగత్తె ఖల్ఫే. ఊళ్లో చావు కబురు చెప్పేదీ ఆమే. అప్పుడు మాత్రం ఖాళీ చేతులతో వస్తుంది.

సానోబర్ మొగుడు మాస్కోలో తాపీపని చేస్తున్నాడు. నిన్నటి నుంచి ఫోను ఎత్తడం లేదు.

"కూర్చో తల్లీ," అంది ఖల్ఫ.

"కూర్చోను! ముందు చెప్పు ఖల్ఫమ్మా, ఆయనకేమైంది?"

"నీ మొగుడికా? వాడికేం, దున్నపోతులా ఉన్నాడు. ఫోను పోగొట్టుకున్నాడట, అక్కడే ఉన్న నా మనవడు చెప్పాడు."

సానోబర్ ఉన్నచోటే కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "ప్రాణం తీశావు కదమ్మా! మరి నీ పెట్టె ఏదీ?"

"బయట బండిలో ఉంది. పక్కింటివాళ్లు ఎక్కించారు, దించడం నా వల్ల కాలేదు." ఖల్ఫ కుడిచేతిని ఎడమచేత్తో పట్టి ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు కదల్లేదు. "పొద్దున లేచేసరికి ఇలా అయింది. రేపు ఉర్గెంచ్‌లో నాకు సన్మానం. వాయించమంటారు. నా దగ్గర నేర్చుకున్నదానివి, పక్కన కూర్చుని నువ్వు వాయించు. నేను పాడతాను."

సానోబర్ బయటికి పరుగెత్తి పెట్టె మోసుకొచ్చి, భుజాలకు తగిలించుకుంది.

ఖల్ఫ కళ్లు తుడుచుకుంది. "ఎన్ని గడపల్లో చావు కబురు చెప్పానో! ఏనాడూ భయపడలేదే. ఇవాళ నా చేతి కబురు చెప్పాలని నీ గుమ్మంలో నిలబడితే భయమేసింది."