తలుపు దాకా తోడు

"వదలండి మిస్ లూయెల్లా! ఎనిమిదింటికి నా డ్యూటీ."

ఓటర్ల వరుసలోంచి ఒక కాలు బయటపెట్టిన వర్నెల్ మోచేతిని ఆమె రెండు చేతులతో పట్టేసింది. ఎనభై రెండేళ్ళ మనిషి. ఊళ్ళో సగం మందికి చిన్నప్పుడు ఆదివారం బడిలో బైబిలు చెప్పింది. ఆ చేతులు విదిలించుకోవడం వర్నెల్‌కి చేతకాలేదు.

"వెళ్దువుగానిలే నాయనా. ముందు నన్ను ఆ తలుపు దాకా తీసుకెళ్ళు. ఈ కంకర మీద కాలు నిలవడం లేదు."

తలుపంటే చర్చి వెనక భోజనాల హాలుది. పోలింగు అక్కడే. నాలుగు మెషీన్లలో రెండు పొద్దున్నే మొరాయించాయి. వరుస హాలు చుట్టూ తిరిగి, కార్లు నిలిపే జాగా దాటి, పత్తి తీసేసిన చేను గట్టు దాకా సాగింది. వర్నెల్ నాలుగున్నరకి వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు ఆరున్నర. ముందు ఇంకా డెబ్భై మంది ఉన్నారు.

"కోళ్ళ ఫ్యాక్టరీలో నాకిప్పటికే ఏడు పాయింట్లు పడ్డాయండీ," అన్నాడు గొంతు తగ్గించి. "ఆలస్యంగా వెళ్తే ఇంకొకటి వేస్తారు. ఎనిమిది పాయింట్లు పడితే గేటు బయటికే. ముగ్గురు పిల్లలు నాకు."

"నాకు అయిదుగురు. నడు, ముందు జాగా ఖాళీ అయింది."

వెనక నిలబడ్డ మంగలి కర్టిస్ కిసుక్కుమన్నాడు. "మీరు కాబట్టి ఊరుకున్నా మిస్ లూయెల్లా. ఇంకెవడైనా నా ముందు దూరితే అక్కడికక్కడే గుండు గీసేవాణ్ణి."

అంతలో అతని జేబులో ఫోను మోగింది. చూసి మొహం చిట్లించాడు. "మళ్ళీనా! పార్టీ చందా మెసేజీ. అయిదు డాలర్లు పంపి దేశాన్ని కాపాడమంటున్నారు. ఇవాళ ఇది తొమ్మిదోది. టీవీ ప్రకటనలకి గుమ్మరించిన దాంట్లో చిటికెడు ఇటు విదిలిస్తే ఆ రెండు మెషీన్లూ బాగుపడేవి. నాకు పంపమనండి, నేనే బాగుచేస్తా."

"దేంతో, కత్తెరతోనా?" అంది ముసలావిడ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వర్నెల్‌కి నవ్వు రాలేదు.

పోలింగు గడువు ఏడింటిదాకానే. ఏడు కొట్టగానే హాల్లోంచి పోలీసు ఒకాయన వచ్చి వరుస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. అతని ముందున్న వాళ్ళంతా, ఎంత పొద్దుపోయినా సరే, ఓటు వేసే వెళ్తారు. అతని తర్వాత వచ్చినవాళ్ళు ఇంటిదారి పట్టాల్సిందే.

"వరుస విడిచిపోతే మళ్ళీ రానివ్వను!" అని అరిచాడాయన.

ఫ్యాక్టరీకి నలభై నిమిషాల దారి. వర్నెల్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "కర్టిస్ పట్టుకుంటాడు మిమ్మల్ని. నేను వెళ్ళాలి."

"వాడి చేతులకి సబ్బు కంపు. నువ్వే కావాలి నాకు."

వర్నెల్ బూటుతో కంకర తన్నాడు. ఏడూ ఇరవై దాటాక సూపర్‌వైజర్ బ్రాడీకి తనే ఫోన్ చేశాడు.

"ఓటు వరుసలో ఉన్నాను. ఆలస్యమవుతుంది."

"ఎందుకు బాబూ ఈ తంటా?" బ్రాడీ గొంతు పక్కవాళ్ళకి కూడా వినిపిస్తోంది. "ఈసారి మీ జిల్లాలో సగం మంది కూడా గడప దాటరని సర్వేవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు. నీ ఒక్క ఓటు కోసం ఎవడేడుస్తున్నాడు? వదిలేసి రా."

వర్నెల్ వెనక్కి తిరిగి చూశాడు. చేను గట్టు చీకట్లో కలిసిపోయింది. అక్కడ ఫోన్ల వెలుతురు మాత్రం చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది.

"ఆ సర్వేవాడు నన్నడిగాడా?" అన్నాడు.

"ఏంటీ?"

"నన్నడగలేదు. ఇక్కడున్న కర్టిస్‌నీ అడగలేదు. మేం రామని చెప్పడానికి వాడెవడు? వచ్చామని చెప్పు వాడికి. మూడు గంటలుగా నిలబడ్డామని కూడా చెప్పు."

"ఎనిమిదో పాయింటు రాస్తున్నా వర్నెల్."

"రాసుకో. కలం రాయకపోతే చెప్పు, ఇక్కణ్ణుంచి ఒకటి పట్టుకొస్తా."

కర్టిస్ ఈల వేశాడు. ముందున్న ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. వర్నెల్ ఫోను జేబులో పెట్టుకుని చూసుకుంటే మోచేతి మీద ముసలావిడ చెయ్యి లేదు. ఎప్పుడు వదిలిందో తెలియలేదు. పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆ తర్వాత ఆమె పట్టుకోలేదు, అతనూ కదల్లేదు.

ఎనిమిదీ పావుకి తలుపు దగ్గరికి చేరారు. లోపల బల్ల ముందు కూర్చున్నావిడ కళ్ళజోడు పైకి తోసుకుంది. "కార్డు ఇవ్వండి."

"ముందు ఈమెది చూడండి. కాళ్ళు పీకుతున్నాయి పాపం," అంటూ వర్నెల్ పక్కకి తప్పుకున్నాడు.

పక్కన ఎవరూ లేరు. మిస్ లూయెల్లా అప్పటికే కంకర మీద టకటకా నడుచుకుంటూ వెళ్తోంది. వరుస మధ్యలోంచి ఒకామె కారు తాళాలు తీసుకుని బయటికి రాబోతోంది.

"అయ్యో, మరి ఆవిడ ఓటో?"

బల్ల దగ్గరావిడ అతని చేతిలోంచి కార్డు లాక్కుని పేరు వెతుకుతూ అంది. "ఆవిడ ముందస్తు ఓటింగులో మొదటిరోజే వేసేసింది నాయనా. పొద్దున ఏడింటి నుంచీ వెళ్ళిపోబోయేవాళ్ళని ఇలా పట్టుకొచ్చి తలుపు దగ్గర దింపుతోంది. నువ్వు ఏడోవాడివి."