సారు గారి హీలియం

“మళ్లీ ఎక్కువే వచ్చిందా?” ప్రొఫెసరు కళ్లజోడు తీసి బల్ల మీద పడేశాడు.

“వచ్చింది సార్.”

“ఎప్పుడు చూసినా పుస్తకం కంటే ఎక్కువే. నీకు విసుగు పుట్టదా అమ్మాయ్?”

పుట్టింది. పుట్టి, పెరిగి, పెద్దదైంది. క్వార్ట్జ్ గొట్టం నిండా హీలియం, నడుమ వెంట్రుక లాంటి ప్లాటినం తీగ. తీగ ఎర్రగా కాలుతుంటే దాని వేడిని ఆ వాయువు ఎంత జోరుగా గొట్టం గోడకి చేరవేస్తుందో కొలవాలి. అంతే పని. వచ్చిన అంకె, ప్రొఫెసరు తన కుర్రతనంలో కొలిచి పుస్తకాలకి ఎక్కించిన అంకెతో కలవాలి. కలిస్తేనే థీసిస్ మీద సంతకం. సంతకం లేకపోతే నెలాఖరుకి ఉద్యోగమూ ఉండదు, హాస్టల్ గదీ ఉండదు. పెద్దవాళ్ల అంకెలకి దండం పెట్టాలి. చిన్నవాళ్ల అంకెలు రోజూ గుంజీళ్లు తీయాలి.

“లీకు కూడా చూశాను సార్.”

“లీకెందుకు చూశావు? వేడి మోయడంలో హీలియం ముందు గాలి నత్త. గాలి కలిస్తే అంకె తగ్గుతుంది గానీ పెరుగుతుందా? వేడి ఇంకెటో పారిపోతోంది. వెతుకు.”

వెతికింది. తీగ మార్చింది. గొట్టాన్ని ఖాళీ చేసి, వెలుగుగా పోయే వేడిని విడిగా కొలిచి తీసేసింది. చివరికి ఇంకా సన్నటి గొట్టం కావాలంది.

“ఇంకోటా?” అన్నాడు గాజు పనాయన. “నా ఊపిరంతా నీ గొట్టాలకే పోయింది తల్లీ. మా ఆవిడని తిట్టడానిక్కూడా మిగల్లేదు.”

“పిన్నికి మేలే చేశాగా బాబాయ్.”

కొత్త గొట్టంలోనూ అదే అంకె.

శుక్రవారం అంకె కలిసింది. ఆఖరి స్థానం దాకా కలిసింది.

ప్రొఫెసరు ముఖం వెలిగిపోయింది. “చూశావా? మా రోజుల్లో ఇంత మంచి పంపులు కూడా లేవు. అయినా కొలిచాం. నువ్వే ఇన్నాళ్లూ నన్ను నమ్మలేదు.”

థీసిస్ ముందుకు లాక్కుని పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టబోతూ తలెత్తాడు.

“ఇంతకీ తప్పెక్కడుంది? ఏం మార్చావు?”

“గొట్టంలోకి కాస్త గాలి వదిలాను సార్.”