జిరాక్సులే ఇయ్యి

కూతురు అంజుమ్‌ను డిగ్రీలో చేర్పించడానికి ఇలియాస్ గురజాల నుంచి నరసరావుపేట వచ్చాడు.

కాలేజీ గేటు దగ్గర ఒక పెద్దాయన వాళ్లను ఆపాడు.

"తమ్ముడూ, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకో. జిరాక్సులే ఇయ్యి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉంచుకునే హక్కు వాళ్లకు లేదు."

ఇలియాస్ ఆయన్ను ఎగాదిగా చూశాడు. మాసిన చొక్కా, అరిగిన చెప్పులు.

అడ్మిషన్ల కాలంలో పిల్లల్ని వేరే కాలేజీలకు మళ్లించే బ్రోకర్లు గేట్ల దగ్గర కాపు కాస్తారని ఊళ్లో చెప్పి పంపారు.

"ఒక్కో పిల్లకి నీకెంత ముడుతుందేంది?" అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా.

నలుగురూ నవ్వారు.

పెద్దాయన పక్కకు జరిగి దారిచ్చాడు.

ఆయన చెప్పింది లోపల ఒకసారి అడిగి చూద్దామంది అంజుమ్.

"నువ్వు నడువు," అన్నాడు ఇలియాస్.

ఆఫీసులో టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ అన్నీ తీసుకున్నారు. వారంలో పరిశీలించి ఇచ్చేస్తామన్నారు.

బోరు మోటార్లు బాగుచేసుకుని బతికే ఇలియాస్‌కు ఆఫీసులో టై కట్టుకున్న మనిషి మాట మీద గురి కుదిరింది. రసీదు కూడా అడగలేదు.

మూడు నెలల తర్వాత అంజుమ్‌కు గుంటూరులో ప్రభుత్వ నర్సింగ్ సీటు వచ్చింది. ఆ పిల్ల మొదటి నుంచీ కోరుకున్నది అదే.

శనివారంలోపు ఒరిజినల్స్‌తో వెళ్లి చేరాలి.

మంగళవారం ఇలియాస్ కాలేజీకి వెళ్లాడు. కట్టిన ఫీజు వెనక్కి రాదన్నారు. మిగతా ఏళ్ల ఫీజు కూడా కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామన్నారు.

బతిమాలాడు. బుధవారం మళ్లీ రమ్మన్నారు. బుధవారం వెళితే ప్రిన్సిపాల్ లేరన్నారు.

గురువారం అతనికి గేటు దగ్గరి మనిషి గుర్తొచ్చాడు.

ఆయన అక్కడ లేడు. ఎదురుగా టీ కొట్టు నడిపే బసవమ్మను అడిగాడు.

"కాలేబు గారా? ఆయన పోయి నెలయిందయ్యా," అందామె.

ఇలా చిక్కుకున్న వాళ్లకు ఆయనే ఈ టీ కొట్టు బల్ల మీద కూర్చుని అర్జీ రాసిచ్చేవాడని చెప్పింది. వెంటబెట్టుకుని కలెక్టరాఫీసుకు తీసుకెళ్లేవాడట. రెండో రోజుకల్లా పిల్లల కాగితాలు చేతికొచ్చేవట. ఎవరి డబ్బుతోనూ టీ కూడా తాగేవాడు కాదట.

ఇలియాస్ ఎవరిచేతనో అర్జీ రాయించుకుని ఒక్కడే కలెక్టరాఫీసుకు వెళ్లాడు. ఏ గదిలో ఇవ్వాలో, ఎవర్ని కలవాలో తెలుసుకునేసరికి శనివారం దాటిపోయింది.

ఆ అర్జీ మీద పది రోజుల తర్వాత కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఇచ్చారు. ఫీజులో కొంత కూడా వెనక్కి ఇచ్చారు.

అప్పటికి సీటు ఇంకో పిల్లకు వెళ్లిపోయింది.

అంజుమ్ ఫైలు పట్టుకుని బయటికొచ్చింది. తండ్రిని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఇలియాస్‌కు అనిపించింది.

బసవమ్మ కొట్టు ముందు ఆగాడు. ఆ రోజు కాలేబు గారిని నలుగురిలో ఏమన్నాడో ఆమెకు చెప్పుకున్నాడు.

"ఆయన పిల్లలకి గానీ ఇట్టా జరిగిందా పెద్దమ్మా? ఎందుకు అంత ఇదిగా తిరిగేవాడు?" అడిగింది అంజుమ్.

బసవమ్మ గ్లాసులు కడగడం ఆపింది.

"ఆయనకి పిల్లల్లేరమ్మా. రిటైరయ్యేదాకా, ఇరవై రెండేళ్లు, ఫీజంతా కడితేనే ఇస్తానని ఈ కాలేజీలో పిల్లల్ని తిప్పి పంపిన గుమాస్తా ఆయనే."